భోజనానంతర వికారము: అగ్నిరక్షణమే ప్రథమౌషధము

ఆకలిగొని కూర్చుండి, తృప్తిగా నాలుగు ముద్దలు తిని లేచిన కొంతసేపటికే కడుపులో త్రిప్పినట్లయి, నోట నీరూరి, అంతకుముందు నోరూరించిన కూరయొక్క వాసనయే దుస్సహమగుట యెంతటి బాధయో అనుభవించినవారికే తెలియును. వాంతి యైనచో కొంత ఉపశాంతి కలుగును. కాకున్నచో గంటలకొలది ఆ వికారము శరీరమును, మనస్సును గూడ క్రుంగదీయును. ప్రాణము తీయు వ్యాధి కాదుగదా యని యింటివారు ఉపేక్షింతురు; గ్యాసు పట్టినదని యిరుగుపొరుగువారు తీర్పు చెప్పుదురు; బాధపడువాడు మందుల దుకాణములో నొక మాత్ర కొని మ్రింగి పనికి పోవును. ఈ యధ్యాయమున నేను చెప్పదలచిన దొక్కటే. మాటిమాటికి వచ్చు భోజనానంతర వికారమునకు, తిన్న పదార్థముకన్న తిన్న వేళయు, తిన్న తీరును తరచుగా హేతువులగును. కావున దానికి మందు వంటింటి డబ్బాలలో వెదకుటకు పూర్వము దినచర్యలో వెదకవలెను.

వేళ తప్పిన కడుపు

కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లా రెబ్బెన మండలములోని గోలేటి, సింగరేణి సంస్థవారి బెల్లంపల్లి ఏరియాకు కేంద్రస్థానము. 1871లో ఇల్లందు ప్రాంతమున విలియం కింగ్ అను భూగర్భశాస్త్రవేత్త బొగ్గు జాడ కనుగొనినది మొదలు, 1920వ సంవత్సరమున సింగరేణి కాలరీస్ కంపెనీ యను పేరు ధరించి నేటివరకును విస్తరించుచు వచ్చిన ఈ సంస్థ, గోదావరీ పరీవాహక ప్రాంతమున కొన్ని తరముల జీవనగతినే మార్చివేసినది. అన్యత్ర గృహస్థుని పొయ్యి సూర్యగతి ననుసరించి వెలుగును. ఈ బొగ్గు సీమలో నూరేండ్లకు పైగా అది షిఫ్టు ననుసరించి వెలుగుచున్నది.

మొదటి షిఫ్టునకు పోవు కార్మికుడు తెల్లవారకముందే లేచి, ఆకలి పుట్టకయే రెండు ముద్దలు మ్రింగియో, వట్టి చాయ త్రాగియో బాయికి, అనగా గనికి, బయలుదేరును. సద్ది డబ్బా విప్పువేళకు దేహమంతయు చెమటతో తడిసి, మనస్సు పనిమీదనే యుండును. ఇల్లు చేరిన పిమ్మట ఉదయమునుండి అణచుకొన్న ఆకలి నంతయు నొక్క పళ్ళెములో తీర్చుకొని నడుము వాల్చును. రెండవ షిఫ్టువాడు అర్ధరాత్రి ప్రాంతమున ఇంటికి వచ్చి, కారము దట్టించిన కూరతో నిండుగా భుజించి, చేయి కడుగుకొనిన వెంటనే పడుకొనును. రాత్రి షిఫ్టువాడు లోకము మేలుకొనువేళ భుజించి నిద్రకు పోవును. ఒక క్రమమునకు శరీర మలవాటుపడునంతలో షిఫ్టు మారి, ఆ క్రమ మంతయు తలక్రిందులగును. కడుపుల తిప్పుతాంది, అన్నం సయిస్తలేదు అని యీ సీమలో వినవచ్చు మాటల వెనుక ఉన్న చరిత్ర యిదియే. గోలేటి కార్మికునికే గాక, రాత్రి కాపలా కాయువారికి, ఆసుపత్రి నర్సులకు, దూరప్రయాణపు బస్సు డ్రైవర్లకు, కంప్యూటరు ముందు తెల్లవార్లు కూర్చుండు యువకులకు గూడ ఇది సమానముగా వర్తించును.

లోపల జరుగునదేమి?

మనము తిన్న ఆహారమును జఠరకండరములు చిలికి, జావవలె మార్చి, కొంచెము కొంచెముగా చిన్నప్రేవులోనికి పంపును. సాధారణ భోజనమునకు ఈ పని ముగియుటకు సుమారు రెండు మొదలు నాలుగు గంటలు పట్టును. నూనె, నేయి, మాంసపు కొవ్వు అధికమైనచో నింకను ఆలస్యమగును. రాత్రివేళ జఠరముయొక్క గతి స్వభావముచేతనే మందగించును. అట్టి వేళ నిండుభోజనము చేసి పడుకొన్నచో ఆహారము కదలక నిలిచి, ఆమ్లముతో కూడి అన్నవాహికలోనికి ఎగదన్నును. జఠరముయొక్క ఈ యిబ్బంది వేగస్ నాడిద్వారా మెదడులోని వాంతికేంద్రమునకు తెలియవచ్చును. అదియే వికారముగా మన కనుభవమగును.

ప్రాచీన వైద్యులు ఈ స్థితినే హృల్లాసమనియు, ఉత్క్లేశమనియు వ్యవహరించి, దాని మూలమును జఠరాగ్నియందు చూచిరి. సమము, విషమము, తీక్ష్ణము, మందము అని అగ్నిని నాలుగు విధములుగా విభజించి, మొదటిది తక్క మిగిలిన మూడును రోగహేతువు లనిరి. వేళ తప్పియో, మోతాదు తప్పియో తినుటను విషమాశనమనియు, పూర్వభోజనము జీర్ణము గాకముందే మరల తినుటను అధ్యశనమనియు చరకసంహిత పేర్కొని, రెంటిని గూడ తీవ్రముగా గర్హించినది. సన్నగిల్లిన నిప్పుమీద మోపెడు పచ్చికట్టెలు పడవేసినచో మంట లేవక పొగ మాత్రమే క్రమ్మునట్లు, అలసి మందగించిన అగ్నిమీద గరిష్ఠమైన భోజనము పడినపుడు పుట్టు పొగయే వికారమని భావింపవచ్చును. పరిభాష వేరైనను ఉభయ శాస్త్రములును చూపు మార్గ మొక్కటియే: జఠరము పని చేయగల వేళ చూచి, అది చేయగలిగినంతయే దాని కప్పగింపవలెను.

షిఫ్టు ననుసరించు భోజనక్రమము

షిఫ్టును మనము మార్చజాలము; దానిలోపల భోజనమును సర్దుకొనగలము. దీనికి మూలసూత్ర మొకటి గలదు. ప్రధానభోజనము నిద్రకు ముందు గాక, మేలుకొని తిరుగు గంటల మొదటి భాగమున పడవలెను.

మొదటి షిఫ్టువారు వట్టి కడుపుతో చాయ త్రాగి పోరాదు. పలుచని జొన్న అంబలియో, రెండు ఇడ్లీలో, ఒక చిన్న రొట్టెయో తిని బయలుదేరవలెను. సద్దిని మితముగా తిని, తిన్నవెంటనే బరువు లెత్తక అవకాశ మున్నంతవరకు కొంచెముసేపు విశ్రమింపవలెను. ఇల్లు చేరగానే పళ్ళెము ముందు కూర్చుండక, స్నానము చేసి, నీరు గ్రుక్కగ్రుక్కగా త్రాగి, శ్రమ తీరిన పిదప భుజింపవలెను. రాత్రి భోజనము తేలికగా నుండవలెను.

రెండవ షిఫ్టువారికి మధ్యాహ్నము బయలుదేరుటకు రెండు గంటల ముందు చేయునదియే ప్రధానభోజనము. పనివేళ నడుమ కొంచెము సద్ది; అర్ధరాత్రి యింటికి వచ్చిన పిదప పెసరపప్పు కిచిడియో, మిరియాల చారుతో నాలుగు ముద్దలో చాలును. మాంసము, వేపుడు, గడ్డపెరుగు ఆ వేళకు తగవు. రాత్రియందు పెరుగు తినరాదని చరకుడు స్పష్టముగా నిషేధించెను.

రాత్రి షిఫ్టువారు సాయంకాలము నిండుగా తిని, నడిరేయి స్వల్పాహారముతో సరిపెట్టి, ఉదయము అల్పముగా ఫలహారము చేసి నిద్రించి, లేచిన పిమ్మట మధ్యాహ్నభోజనము చేయవలెను. రాత్రి రెండు, మూడు గంటలవేళ జఠర మత్యంత మందముగా నుండును గనుక ఆ సమయమున పలావులు, నూనెలో వేగిన బజ్జీలు తినుట వికారమును పిలిచి తెచ్చుకొనుటయే.

పరిమాణ విషయమున పూర్వు లిచ్చిన కొలత నేటికిని శిరోధార్యము. కుక్షిని మూడు భాగములు చేసి, ఒకటి ఘనాహారమునకు, ఒకటి ద్రవమునకు, ఒకటి వాతపిత్తకఫముల సంచారమునకు విడువవలెనని చరకుడు చెప్పెను. నాలుగు భాగములు చేసి, రెండు అన్నమునకు, ఒకటి పానమునకు, ఒకటి వాయువునకు విడువుమని వాగ్భటుడు చెప్పెను. ఏ లెక్క తీసుకొనినను కంఠమువరకు తినుట నిషిద్ధము. అతివేగముగా గాక, అతిజాగుగా గాక, మాటలాడక, నవ్వులాటలకు పోక, ఆహారముమీదనే మనస్సు నిలిపి తినవలెనను చరకుని నియమమునకు, చేతిలోని ఫోను ప్రక్కన పెట్టుటను గూడ మనము చేర్చుకొనవలెను. గబగబ మ్రింగువాడు ఆహారముతోపాటు గాలిని గూడ మ్రింగును. ఉబ్బరమునకు అదియే నాంది.

భోజనానంతరము రెండు గంటలవరకైన పడుకొనరాదు. తప్పనిసరియైనచో తలవైపు ఎత్తు పెంచుకొని, ఎడమప్రక్కకు తిరిగి పడుకొనవలెను; ఆ భంగిమలో ఆమ్లము పైకి ఎగదన్నుట తగ్గును. నూరడుగులు మెల్లగా నడచుటయు, మోకాళ్ళ నొప్పి లేనివారు కొన్ని నిమిషములు వజ్రాసనమున కూర్చుండుటయు హితము.

సద్ది డబ్బా విషయమున నొక ముఖ్యమైన హెచ్చరిక చేయవలసియున్నది. వండిన అన్నము వెచ్చవెచ్చగా మూతబడి గంటలకొలది యుండినచో బాసిల్లస్ సీరియస్ అను సూక్ష్మజీవి దానిలో వృద్ధిపొంది యొక విషమును పుట్టించును. అట్టి అన్నము తిన్న గంట మొదలు ఆరు గంటలలోపల వికారము, వాంతులు కలుగును. మరల వేడిచేసినను ఆ విషము నశింపదు. వేసవిలో 45 డిగ్రీలు దాటు ఈ సీమలో ఇది సామాన్య ప్రమాదము గాదు. కావున అన్నమును వెడల్పయిన పళ్ళెములో పరచి చల్లార్చిన పిదపనే డబ్బాలో పెట్టవలెను. నిన్నటి అన్నము నేటి సద్దిలో కలుపరాదు. ఎండకాలమున చింతపండు పులిహోర, నిమ్మకాయ పులిహోర వంటి పుల్లని అన్నములు సాదా అన్నముకన్న మేలు. జొన్నరొట్టె అన్నిటికన్న క్షేమకరము.

లక్షణము చూచి మందు

దినచర్య చక్కబడిన పిదప మిగిలిన వికారమునకు వంటింటి ద్రవ్యములు చక్కగా పనిచేయును. ఐతే అందరికిని ఒకే మందు పనికిరాదు. ఛర్దిరోగమును, అనగా వాంతిని, వాత, పిత్త, కఫ భేదములచేత విభజించిన పూర్వుల దృష్టి ఇక్కడ మనకు మార్గదర్శకము.

కడుపు ఉబ్బి, త్రేన్పులు వచ్చుచు, అటునిటు కదలు నొప్పితో కూడిన వికారము వాతప్రధానము. దీనికి వాము, జీలకర్ర, ఇంగువ ప్రశస్తములు. దోరగా వేయించిన జీలకర్రపొడి అర చెంచా పలుచని మజ్జిగలో కలిపి భోజనాంతమున త్రాగవచ్చును. శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు, వాము, సైంధవలవణము, రెండు విధములైన జీలకర్ర, ఇంగువ కలిపి చేయు హింగ్వష్టకచూర్ణమును నేతితో తొలిముద్దలో తినుమని వాగ్భటుడు విధించెను; ఆయుర్వేద ఔషధశాలలలో నది సులభముగా దొరకును.

గుండెలో మంట, పుల్లని త్రేన్పులు, నోటిలో చేదు, తలనొప్పితో కూడినది పిత్తప్రధానము. ఆమ్లపిత్తమని వైద్యులనునది ఈ జాతిదే. వీరు శొంఠి, మిరియములు విరివిగా వాడినచో మంట హెచ్చును. వీరికి శీతలోపచారము కావలెను. ఒక చెంచా ధనియాలు నలుగగొట్టి గ్లాసు నీటిలో రాత్రి నానవేసి, ఉదయము వడగట్టి, కొంచెము పటికబెల్లముతో త్రాగుట మేలు. ఉసిరిక పిత్తశామకము. ఏలకుల పొడి చిటికెడు వికారమునకు హితము. వాంతులతో కడుపున నేమియు నిలువనపుడు వరిపేలాలను నీటిలో ఉడికించి వార్చిన లాజమండము ప్రాచీనులు మెచ్చిన పథ్యము. పసిపిల్లలకైనను పెట్టదగినంత లఘువు. పిత్తవికారము గలవారు ఎండుమిరపకారమును, వట్టి కడుపున చాయను, అన్నిటికన్న మిన్నగా పొగాకును, గుట్కాను, మద్యమును విడువక ఎన్ని కషాయములు త్రాగినను ఫలముండదు.

నోట లాలాజల మూరుచు, కడుపు బరువై, మగతగా, ఆకలి లేక యుండునది కఫప్రధానము. దీనికి మందుకన్న ముందు లంఘనము. ఒక పూట భోజనము మాని, వేడినీరు కొంచెము కొంచెముగా త్రాగి, ఆకలి యెరిగి తినుటతోడనే సగము బాధ తొలగును. తరువాత శొంఠి. పావు చెంచా శొంఠిపొడి గ్లాసుడు వేడినీటిలో కలిపి, భోజనమునకు అరగంట ముందు త్రాగవలెను. పలుచని అల్లపుముక్కకు ఉప్పురవ్వ అద్ది భోజనమునకు ముందు నములుట భావప్రకాశమను వైద్యగ్రంథము చెప్పిన విధి; రక్తపోటు గలవారు ఉప్పు మాని నిమ్మరసము వాడవలెను. అల్లములోని జింజరాలు, శొంఠిలోని షోగోలు అను ద్రవ్యములు వికారమును అణచునని ఆధునిక పరిశోధనలును చెప్పుచున్నవి; ముఖ్యముగా గర్భిణుల వేవిళ్ళలో రోజునకు సుమారు 1 గ్రాము శొంఠి ప్రయోజనకరమని పరీక్షించి చూచిరి. ఐనను గర్భిణులు వైద్యుని యడిగియే వాడవలెను.

వికారము పుట్టిన క్షణమున చేయదగిన ఉపచారములు అన్ని రకములకును సమానములు. నిటారుగా కూర్చుండి, నడుముకట్టు వదులుచేసి, గాలి తగులుచోట ముక్కుతో మెల్లగా గాలి పీల్చి, అంతకన్న మెల్లగా విడువవలెను. నిమ్మతొక్క గిల్లి వాసన చూచుట కొందరికి వెంటనే హాయి నిచ్చును. అరచేతి వైపున మణికట్టు మడతకు మూడు వ్రేళ్ళ వెడల్పు పైన, రెండు నరముల నడుమ బొటనవ్రేలితో కొన్ని నిమిషములు నొక్కి పట్టుట వికారము తగ్గించునని పెక్కు పరీక్షలలో తేలినది. వాంతి తన్నుకొని వచ్చినచో బలవంతముగా ఆపరాదు. ఆపదగని వేగములలో వాంతిని గూడ చరకుడు లెక్కించెను. అట్లని వ్రేలు పెట్టి మాటిమాటికి కక్కుటయు తగదు. వాంతులైన పిదప లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి గ్రుక్కగ్రుక్కగా త్రాగవలెను.

ఇల్లు దాటి పోవలసిన వేళ

సహజవైద్యమునందు భక్తి గలవారే దాని యెల్లలను గూడ గట్టిగా నెరుగవలెను. మద్రాసులో పాశ్చాత్యవైద్యపట్టము పొందిన ఆచంట లక్ష్మీపతి (1880–1962) పండిత గోపాలాచార్యులవారికి శిష్యులై ఆయుర్వేదమును స్వీకరించి, దానికై జీవితము నంకితము చేసిరి. ఒక వైద్యమును నమ్ముట రెండవదానిని ద్వేషించుట కానక్కరలేదనుటకు ఆయన జీవితమే నిదర్శనము.

రక్తపు వాంతి, కాఫీపొడివంటి వాంతి, నల్లని మలము, మ్రింగుట కష్టమగుట, కారణము లేక బరువు తగ్గుట, కన్నులు పచ్చబడుట, ఒకరోజు దాటినను నీరైన నిలువకుండుట, తలకు దెబ్బ తగిలిన పిదప వాంతులు: వీనిలో నేదైన కనబడినచో కషాయము కాచుచు కూర్చుండక కంపెనీ దవాఖానకో, సమీపపు ప్రభుత్వ ఆసుపత్రికో పోవలెను. కొవ్వుపదార్థము తిన్న పిదప కుడి డొక్కలో నొప్పి పుట్టి భుజమువరకు పాకుచున్నచో పిత్తాశయమున రాళ్ళేమోయని పరీక్ష చేయించుకొనవలెను. ఛాతీ బరువు, చల్లని చెమట, దవడనొప్పితో కూడిన వికారమును గ్యాసని త్రోసిపుచ్చి ఆలస్యము చేయుట ప్రాణాంతకము. అది గుండెపోటు కావచ్చును. చిరకాలముగా మధుమేహ మున్నవారికి జఠరనాడులు దెబ్బతిని ఆహారము కదలకుండుట గలదు. మెట్‌ఫార్మిన్, ఇనుము మాత్రలు, నొప్పుల మాత్రలు గూడ వికారమును కలిగించును. వానిని మీయంతట మీరు మానక వైద్యునితో చెప్పవలెను.

బాయిలో దిగువారికి మరియొక మాట. పనిస్థలమున తలనొప్పి, కన్ను తిరుగుడుతో వికారము కలిగి, ప్రక్కవారికి గూడ అట్లే యున్నదని తెలిసినచో దానిని సద్దిమీద త్రోయరాదు. కార్బన్ మోనాక్సైడు వంటి విషవాయువులు వాసనయైన లేక అట్లే బాధించును. తత్క్షణమే గాలి యాడుచోటికి వచ్చి, మైనింగ్ సర్దారుకో, ఓవర్‌మనుకో తెలుపవలెను. ఓపెన్‌కాస్టులలో ఎండ దెబ్బ తగిలినపుడును తొలి లక్షణములలో వికార మొకటి. నీడకు చేరి, శరీరమును తడిపి చల్లార్చుట మొదటి పని. మాట తడబడినను, స్పృహ తప్పినను వెంటనే దవాఖానకు తరలింపవలెను.

ఔషధముల విషయమునను మెలకువ కావలెను. రక్తము పలుచబరచు మాత్రలు వాడువారు అల్లమును మందుమోతాదున తీసుకొనుటకు ముందు వైద్యుని యడుగవలెను. అతిమధురము ఎడతెగక వాడినచో రక్తపోటు పెరుగును. పాదరసము, సీసము వంటి లోహములు కలిసిన భస్మములు, రసౌషధములు, పేరులేని పొట్లములలో అమ్ము చూర్ణములు అర్హుడైన వైద్యుని చేతిమీదుగా తప్ప నోట పెట్టరాదు. వంటసోడా, ఈనో వంటివి నిత్యకృత్యమైనచో సోడియము హెచ్చి, రక్తపోటు గలవారికి కీడు చేయును.

రెండు వారముల సాధన

చదివి ఊరకుండినచో ఈ యధ్యాయము నిష్ఫలము. ఒక చిన్న నోటుపుస్తకము తీసుకొని రెండు వారములపాటు ప్రతిదినము ఐదు సంగతులు వ్రాయుడు: ఆనాటి షిఫ్టు, తిన్న వేళ, తిన్న పదార్థము, పడుకొన్న వేళ, వికారము వచ్చిన సమయమును దాని లక్షణమును. మొదటి వారము ఏమియు మార్చక వ్రాయుట మాత్రమే చేసినచో, మీ వికారము ఏ షిఫ్టుతో, ఏ పదార్థముతో, ఏ తొందరతో ముడిపడియున్నదో మీకే తెలియవచ్చును. రెండవ వారమున ఒక్క మార్పు మాత్రము చేయుడు. నిద్రకు ముందటి నిండుభోజనమును తేలికపరచుటతో నారంభించుట శ్రేయస్కరము. ఒకేసారి పది మందులు, పది నియమములు పట్టువారికి దేనివలన మేలు కలిగినదో తెలియక, కొలది దినములలో పదియు విడిచిపోవును. రెండు వారములకును గుణము కనబడనిచో ఆ పుస్తకమునే వైద్యుని చేతిలో పెట్టుడు. రోగనిర్ణయమున కది యెంతయో తోడ్పడును.

ఈ సాధన యింటివారందరి సహకారము కోరును. షిఫ్టునుండి వచ్చు భర్తకొరకు, కుమారునికొరకు అర్ధరాత్రివరకు పస్తుండి, వారు తిన్న పిదప మిగిలినది చల్లారిన వేళ తిను ఇల్లాండ్రు ఈ సీమలో నెందరో గలరు. వారి వికారమునకును ఇదే హేతువు. వారి మాట మాత్ర మెవరును అడుగరు. ఆమె సూర్యాస్తమయము తరువాత తనవేళకు తాను భుజించునట్లును, అర్ధరాత్రి వచ్చువాడు, పరచి చల్లార్చిన పిదప మూతపెట్టిన కిచిడిని తానే వేడిచేసికొని తినునట్లును ఇంట నియమము చేసికొనుడు. ఒక పళ్ళెముతో ఇద్దరి అగ్నిని గూడ రక్షించు ఈ నియమమునకు ఖర్చు లేదు, కషాయము లేదు. నేటి రాత్రినుండియే ఆరంభింపవచ్చును.